పావంగుళం

ఏటా ఎండలు ముదరగానే ఆ సైనిక మ్యూజియాన్ని ఒక నెలపాటు మూసేస్తారు. వెలుగు తగిలితే పాత బట్ట రంగు పోతుందని కిటికీలకి నల్లటి తెరలు దించుతారు, కరెంటు మెయిన్ ఆపేస్తారు, గేటుకి తాళం వేస్తారు. ఆ నెలంతా లోపల పనిచేసేది ఒకే ఒక్క మనిషి. అక్కడ అందరూ ఆవిడని దర్జీ అమ్మ అంటారు. యాభై దాటినా సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు అక్కర్లేదని ఆవిడకి కాస్త గర్వం. ఉండదా మరి, చేతిలో పనున్నవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి.

హాల్లో పన్నెండు బొమ్మలున్నాయి. కర్ర చట్రానికి గుడ్డ సంచి కట్టి, దూది కూరి, మనిషి ఆకారం తెచ్చి, దానికి యూనిఫారం తొడుగుతారు. తలలు తెల్ల గుడ్డవి, ముక్కూ మొహం ఏమీ ఉండవు. ఒక చివర నూరేళ్ళ కిందటి ఉన్ని కోటు, ఆ తర్వాత ఎడారి యుద్ధం, నది దాటిన యుద్ధం, అలా వరసగా వచ్చి కొండ మీది యుద్ధం దగ్గర ఆగుతుంది. ఏడాదికోసారి ఒక్కొక్కరికీ బట్టలు విప్పి, మెత్తటి బ్రష్షుతో దులిపి, పురుగు పట్టిందేమో అతుకు అతుకూ వెతికి, జేబుల్లో కలరా ఉండలు మార్చి, మళ్ళీ తొడగాలి. ఆ పనిని వాళ్ళు విప్పుడు అంటారు.

ఆవిడకి పని నేర్పిన ముసలి మాస్టారు పోయే ముందు రెండు మాటలు మరీ మరీ చెప్పాడు. బట్టని చూసి బొమ్మని కట్టాలి గానీ, బొమ్మ కోసం బట్టని ముట్టుకోకూడదు, అది మొదటిది. పోయినవాడి కొలతకి ఆ బట్ట ఒక్కటే సాక్ష్యం, దాని మీద మన కుట్టు ఒక్కటి కూడా పడకూడదు. రెండోది, బతికున్న మనిషి మీద టేపు పెట్టి ఆ కొలతతో బొమ్మ కట్టకూడదు. ఇదెందుకో అడిగితే మాస్టారు చెప్పలేదు, కట్టొద్దంటే కట్టొద్దు అని కసిరాడు. ఇరవై ఏళ్ళు దర్జీ అమ్మ ఆ రెండు మాటలూ జవదాటలేదు. పదకొండు బొమ్మలు అలా కట్టినవే.

పన్నెండోది ఆవిడ కొడుకు.

పెద్దాడు ఇరవై రెండేళ్ళకే ఆ కొండ మీద పోయాడు. పెట్టె మేకులు కొట్టే వచ్చింది, మూత తియ్యొద్దన్నారు. ఎందుకొద్దన్నారో వచ్చినవాళ్ళందరికీ అర్థమైంది, తల్లికి మాత్రం ఈ రోజుకీ అర్థం కాలేదు. వెనకాలే వాడి ట్రంకు పెట్టె వచ్చింది. అందులో పరేడు కోటు, రెండేసార్లు తొడిగింది, మడత నలగలేదు. ఏడాదిపాటు దాన్ని బీరువాలో పెట్టుకుని రోజూ తలుపు తీసి చూసుకునేది. అప్పుడు మ్యూజియం చూసుకునే మేజరు గారు ఇంటికొచ్చారు. ఉద్యోగం రిటైరైనా మీసం రిటైరు కాని మనిషి. కొండ మీది యుద్ధానికి హాల్లో ఒక్క బొమ్మ కూడా లేదమ్మా, మీవాడి కోటిస్తే పదికాలాలపాటు నిలుస్తుంది అని మర్యాదగా అడిగారు. ఇచ్చేసింది. ఇంట్లో ఉంటే బీరువాలో బట్ట, అక్కడైతే రోజూ ఎదురుగా మనిషి నిలబడ్డట్టుంటుందని ఆశపడింది.

వచ్చిన చిక్కేమిటంటే, గవర్నమెంటు వాళ్ళు వాడికిచ్చిన కోటు ఒక సైజు పెద్దది. మాస్టారు చెప్పినట్టు కోటుని చూసి కడితే ఎవరో ఒళ్ళున్న పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. విప్పి మళ్ళీ కట్టింది. మళ్ళీ ఆ పెద్దమనిషే. మూడోసారి దూది చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి కూతుర్ని పిలిచి నిలబడమంది.

కూతురు ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. చిన్నప్పుడు అన్న పెట్టిన పేరు చేపపిల్ల, ఇంట్లో అదే ఖాయమైపోయింది. ఈదీ ఈదీ దాని భుజాలు విచ్చుకుని అచ్చం అన్న భుజాల్లాగే తయారయ్యాయి. నా చొక్కాలన్నీ ఇదే తొడిగేస్తోందమ్మా అని పెద్దాడు సెలవుకొచ్చినప్పుడల్లా తగువు పెట్టుకునేవాడు. భుజం, వీపు, మెడ, చెయ్యి పొడుగు, వెంట్రుకవాసి తేడా లేదు ఇద్దరికీ. తల్లి దాని మీద టేపు పెట్టి కొలతలు రాసుకుంది. కొత్త చొక్కా కుడుతుందనుకుని చేపపిల్ల నవ్వుతూ చేతులు చాపి నిలబడింది, ఏ రంగు బట్ట కొన్నావమ్మా అని కూడా అడిగింది. ఆవిడ ఏదో చెప్పి తప్పించుకుంది.

ఆ కొలతతో బొమ్మ కట్టింది. కోటుకి లోపల మడతలు వేసి కుట్టి బొమ్మకి సరిపెట్టింది. మాస్టారి రెండు మాటలూ ఒక్క వారంలో దాటేసింది. తొడిగి నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే, మొహం లేదన్నమాటే గానీ, వాడే. కుడి భుజం ఇసుమంత కిందికి వాల్చి నిలబడటం వాడి అలవాటు. ఆ భుజాన్ని తను అలా కట్టినట్టు ఆవిడకి గుర్తులేదు. కట్టే ఉంటాలే అనుకుంది.

మరుసటి ఎండాకాలం విప్పుడులో కోటు చెయ్యి పావంగుళం పొట్టిదైంది. దూది పొంగి ఉంటుందనుకుంది. ఆ పై ఏడు అరంగుళం. వీపు దగ్గర కుట్టు పిగిలి కూడా ఉంది. ఈసారి దూది మీద నెపం పెట్టలేదు. ఏమనుకుందో చెబితే మీరు ఆవిడని తిట్టుకుంటారు, అయినా చెప్పాలి. సంతోషపడింది. మగపిల్లలు పాతికేళ్ళొచ్చేదాకా విచ్చుకుంటూనే ఉంటారు, వాళ్ళ నాన్న కూడా అంతే, పెళ్ళినాటి చొక్కా మూడేళ్ళకి పట్టలేదు, అనుకుంది. మొగుడు పిల్లల చిన్నప్పుడే పోయాడు, ఆ చొక్కా సంగతి చెప్పుకోవడానికి వేరే మనిషి కూడా లేదు. కోటు లోపల తను వేసిన మడత ఒకటి విప్పి వదులు చేసింది. మూడో ఏడు ఇంకో మడత విప్పింది. విప్పుతున్నంతసేపూ వాడితో ఇంటి కబుర్లు చెప్పింది.

మేజరు గారు కూడా పసిగట్టారు. మీవాడు ఏటికేడాది నిండుగా కనబడుతున్నాడమ్మా అన్నారు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఆ పన్నెండో బొమ్మ దగ్గరే ఎక్కువసేపు నిలబడుతున్నారట. దానికెదురుగా గోడ నిండా పెద్ద పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించారాయన. వీరులకు మరణం లేదు అని. దర్జీ అమ్మ ఆ బోర్డు చదివి కళ్ళు తుడుచుకుంది, మేజరు గారికి దణ్ణం పెట్టింది.

ఇక ఇంట్లో సంగతి. చేపపిల్ల చిక్కిపోతోంది. మొదట్లో ఈతకొలనులో పని ఎక్కువైందనుకున్నారు. తర్వాత బట్టలు జారిపోవడం మొదలైంది. మ్యూజియంలో కొడుకు కోటు వదులు చేసిన చేత్తోనే ఇంటికొచ్చి కూతురి బట్టలు బిగించేది ఆవిడ. బిగిస్తూ తిండి తినవే అని తిట్టేది. అది తింటూనే ఉంది. ఎక్కడికి పోతోందో తెలియదు. డాక్టరు రక్తం తీసి, ఫొటోలు తీసి, అన్నీ సవ్యంగానే ఉన్నాయమ్మా, బెంగ పెట్టుకుందేమో అన్నాడు. ఈ ఏడు ఎండలు వచ్చేసరికి ఈతకొలను మెట్లెక్కలేక ఆగిపోయింది. నీళ్ళలో ఉన్నప్పుడు బాగుంటుందనీ, ఒడ్డుకొస్తే ఒళ్ళు తనది కానట్టుంటుందనీ చెప్పింది. పిల్లలకి నేర్పడం మానేసి మంచమెక్కింది.

అయినా తల్లి విప్పుడు మానలేదు. పదకొండు మందినీ దులిపి తొడిగేసింది. కొడుకుని ఎప్పుడూ ఆఖరున పెట్టుకుంటుంది, పండు ఆఖరున తినే పిల్లలాగ. ఆ రోజు మధ్యాహ్నం చీర సర్దుకుని బయల్దేరుతుంటే మంచం మీంచి చేపపిల్ల అడిగింది.

"ఇవాళ ఉండిపోవా అమ్మా?"

అన్నయ్య ఒక్కడే మిగిలాడే, గంటలో వచ్చేస్తా అంది తల్లి. చేపపిల్ల గోడవైపు తిరిగి మెల్లగా అంది.

"చచ్చినవాడి కళ్ళు చేరెడంత అంటారు. నేను కూడా ఉన్నానమ్మా ఈ ఇంట్లో. ఇంకా ఉన్నాను."

ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. చేతిసంచి కింద పెట్టి మంచం అంచున కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, దర్జీ కదా, కొత్త చొక్కా కుడతానే, అంది. మెడలో టేపు ఎలాగూ ఉంది. పడుకున్నదాన్ని లేపి కూర్చోబెట్టి కొలవడం మొదలుపెట్టింది. నడుము తగ్గింది, సరే. దండ చెయ్యి తగ్గింది, సరే. చిక్కిన మనిషికి అవి తగ్గుతాయి. భుజం మీంచి మణికట్టు దాకా టేపు పెట్టింది.

రెండంగుళాలు తగ్గింది.

మళ్ళీ పెట్టింది. అంతే. మనిషి ఎంత చిక్కినా చెయ్యి పొడుగు తగ్గుతుందా ఎక్కడైనా? ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్న చెయ్యి అది, పొరపాటు పడదు. వీపు చూసింది, మెడ చూసింది. ప్రతి అంకె పక్కనా ఆవిడ మనసులో ఇంకో అంకె దానంతటదే వచ్చి నిలబడింది. ఇక్కడ తరిగింది, అక్కడ పెరిగింది. పావంగుళానికి పావంగుళం. ఏ రంగు బట్టమ్మా అని చేపపిల్ల అడుగుతోంది. తల్లి టేపు చుట్టి చేతిసంచి అందుకుంది.

దెయ్యాలు రాత్రే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, వాళ్ళు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ బయటికి రాలేదన్నమాట. వీధిలో పిట్ట లేదు. తారు రోడ్డు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. షాపులన్నీ మూసి ఉన్నాయి. ఆవిడ గేటు తాళం తీసి, లోపల హాలు తలుపు తీసి, మళ్ళీ వేసుకుంది. కళ్ళకి ఏమీ కనబడలేదు. చేతిలో టార్చి వేసింది.

పాత ఉన్ని వాసన, కలరా ఉండల వాసన, ఉక్క. ఇరవై ఏళ్ళకి పైగా పీల్చిన వాసనలే. టార్చి వెలుగులో బొమ్మలు ఒక్కొక్కటే దాటింది. ఉన్ని కోటు, ఎడారి, నది. మొహం లేని తలలు, మెరుస్తున్న బొత్తాలు. నడుస్తుంటే చెప్పుల చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. సగం దూరం వచ్చాక కొత్త వాసన ఒకటి తగిలింది. మొదట పోల్చుకోలేకపోయింది. తర్వాత పోల్చుకుంది. ఈతకొలను వాసన. నీళ్ళలో కలిపే మందు వాసన, రోజూ సాయంత్రం చేపపిల్ల తల తుడుస్తుంటే వచ్చేది.

ఆ వాసన పన్నెండో బొమ్మ దగ్గర్నుంచి వస్తోంది.

టార్చి బల్ల మీద పెట్టింది. కోటు ఛాతీ మీద బిగిసిపోయి ఉంది. బొత్తాల దారాలు లాగుకుపోయి తెల్లగా కనబడుతున్నాయి. చేతులు రెండూ కోటులోంచి బయటికొచ్చి, గుడ్డ మణికట్లు కనబడుతున్నాయి. ఇంటి దగ్గర్నుంచి వస్తూ దారంతా ఒకటే ఆలోచన ఆవిడకి. దూది తీసేస్తే కూతురిది కూతురికి తిరిగి వస్తుందా? లేక రెంటికీ చెడ్డ రేవడినవుతానా? చెప్పే మాస్టారు లేడు. ఉన్నా ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది.

మొదటి బొత్తాం మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

"అమ్మా..."

ఆవిడ కదల్లేదు.

"అమ్మా... చంకల్లో పట్టేస్తోంది."

బడి యూనిఫారం దగ్గర్నుంచీ ఏ బట్ట తొడిగి చూసినా వాడి నోట మొదట వచ్చే మాట అదే. గొంతు వాడిదే. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియదు. మొహం లేదు, నోరు లేదు, ఉత్త తెల్ల గుడ్డ. భయం వెయ్యాలి. వేసింది కూడా, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. కానీ ఆ భయం కంటే ముందు ఇంకోటి వచ్చింది. ఐదేళ్ళ తర్వాత కొడుకు గొంతు విన్న తల్లికి ఏమొస్తుందో అది. మోకాళ్ళ మీద కూలబడి, ఆ గుడ్డ చేతిని పట్టుకుని బావురుమంది.

"ఒక్క కుట్టు... వదులు చెయ్యమ్మా. ఊపిరాడట్లేదు."

ఒకే ఒక్క మడత మిగిలింది కోటు లోపల. కుట్లు విప్పే చిన్న కత్తి జాకెట్టుకి గుచ్చుకుని ఉంది, తీసింది. కోటు అంచు తిప్పింది. కుట్టు కనబడింది. తన కుట్టే. కత్తి మొన దాని మీద పెట్టింది... పెట్టి, ఆగింది. చాపిన చేతులతో నవ్వుతూ నిలబడ్డ చేపపిల్ల కళ్ళముందు కదిలింది. ఎంతసేపు అలా ఉండిపోయిందో ఆవిడకే తెలియదు. కన్నకడుపుకి ఇద్దరూ ఒకటే అంటారు గదా, ఆ మాట ఎంత పాపిష్టిదో ఆవిడకి ఆ పూట తెలిసింది.

కత్తి వెనక్కి తీసింది. కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది. ఒకటి... రెండు... మూడోది దానంతటదే ఊడి ఎగిరి ఎక్కడో పడింది. కోటు తీసి భుజం మీద వేసుకుంది. బొమ్మ వీపు వెనక్కి వెళ్ళి, తను వేసిన పొడుగాటి కుట్టు మీద కత్తి పెట్టి ఒక్క లాగు లాగింది.

"చలేస్తోందమ్మా."

హాలు నిప్పుల కుంపటిలాగుంది. ఆవిడ నొప్పిగా ఉందా నాన్నా అని అడిగింది. లేదు, చలేస్తోంది, కోటు తొడుగు, అన్నాడు. ఆవిడ చెయ్యి లోపల పెట్టింది. దూది వెచ్చగా, తడిగా ఉంది. తీసిన కొద్దీ ఈతకొలను వాసన గుప్పుమంటోంది. ఒక గుప్పెడు తీసి నేల మీద పెట్టింది. ఇంకో గుప్పెడు.

"ఎందుకమ్మా తీస్తున్నావు?"

"నీది కాదు నాన్నా ఇది. చెల్లిది."

ఎక్కడో కర్ర చట్రం కిర్రుమంది.

"చేపపిల్లదా... నాకు తెలీదమ్మా. నువ్వేగా కొలిచి పెట్టావు."

ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుంది. చేతులు మాత్రం ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆవిడకి తెలుసు. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు, గొంతు తగ్గుతోంది. ఇక్కడ నిలబడమన్నారమ్మా, డ్యూటీ వేసి వెళ్ళిపోయారు, ఎవరూ వచ్చి దిగమనడం లేదు అన్నాడు. ఎవరెవరో వచ్చి చూసి వెళ్తారు గానీ పలకరించరన్నాడు. నువ్వు టేపు పెట్టినప్పుడే నేనున్నానని నాకు తెలుస్తుంది, మిగతా రోజులు ఏమీ తెలియదు అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలాగ అడిగాడు.

"సెలవెప్పుడిస్తారమ్మా? ఇంటికెప్పుడు రానిస్తారు?"

అప్పుడు అర్థమైంది ఆవిడకి. వీడికి ఎవరూ చెప్పలేదు. పెట్టె మూత తియ్యనివ్వలేదు గనక తల్లి నమ్మలేదు. తల్లి నమ్మలేదు గనక వాడికి చెప్పలేదు. నాలుగు ఎండాకాలాలు పక్కన కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెప్పింది, ఆ ఒక్కటి తప్ప. ఆవిడ బొమ్మ ముందుకొచ్చింది. ఛాతీ సగానికి పైగా ఖాళీ అయి, గుడ్డ లోపలికి వాలిపోయి ఉంది. తెల్ల గుడ్డ తలని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు లేవు నాన్నా. ఆ కొండ మీదే... పోయావు. ఐదేళ్ళయింది."

"మరి... ఎదురుగా అలా రాసుందేంటమ్మా?"

టార్చి వెలుగు అంచున గోడ మీది అక్షరాలు కనబడుతున్నాయి. ఆవిడ వాటివైపు చూడలేదు.

"అది మా కోసం రాసుకున్నది నాన్నా. మీ కోసం కాదు."

వాడు ఏడవలేదు. తిట్టలేదు. ఎప్పుడూ అంతే, చిన్నప్పుడు బొమ్మ కొనడానికి డబ్బుల్లేవురా అంటే సరేలే అనేవాడు. అలాగే సరేనమ్మా అన్నాడు. తర్వాత ఎంతో మెల్లగా, పక్కనున్నవాళ్ళకి వినబడకూడదన్నట్టు అన్నాడు.

"మరైతే... దిగిపోనా?"

"దిగిపో నాన్నా. నీ డ్యూటీ అయిపోయింది."

ఆఖరి గుప్పెడు గొంతు దగ్గర ఉంది. అది తియ్యడానికి ఆవిడకి చెయ్యి రాలేదు. అయినా తీసింది. సంచి ముడుచుకుపోయి చట్రానికి వేలాడింది. కుడివైపు వాలి ఉన్న భుజం మెల్లగా సమానమైంది. ఆ తర్వాత అక్కడ ఉన్నది ఉత్త కర్ర, గుడ్డ.

నేల మీద దూది కుప్ప మధ్య కూర్చుని, కోటు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఐదేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు. పోయాడు అని పైకి అనుకుంటూ, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ, నేల గుద్దుకుంటూ ఏడ్చింది. ఆ హాల్లో ఆవిడ ఏడుపు తప్ప ఇంకో చప్పుడు లేదు. దూది చల్లబడిపోయింది. ఈతకొలను వాసన కూడా పోయింది.

చేతిసంచిలో ఫోను మోగింది. ఇంటి నంబరు. ఎత్తడానికి ఆవిడకి ధైర్యం చాలలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. అప్పుడెత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఆకలేస్తోంది."

ఆవిడ కళ్ళు మూసుకుంది. చేపపిల్ల గొంతు గలగలమంటోంది. ఇందాక నిద్రలోంచి లేచేసరికి ఒళ్ళు తేలికైందనీ, మంచం దిగి వంటింటిదాకా తనే నడిచి వచ్చాననీ, గిన్నెలో ఉన్నదంతా తినేశాననీ, అయినా ఆకలి తీరడం లేదనీ గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. వేసుకున్న చొక్కా భుజాల దగ్గర కాస్త బిగుతైందట. తల్లి ఊఁ, ఊఁ అంటోంది. కన్నీళ్ళు ఆగడం లేదు. ఇవి ఏ బిడ్డకోసమో ఆవిడకే తెలియదు. వచ్చేస్తున్నా తల్లీ, దారిలో ఏదైనా కొనుక్కొస్తా, ఇక ఇంట్లోనే ఉంటా అంది.

చేపపిల్ల మాట్లాడటం ఆపింది. ఏదో వింటున్నట్టు కాసేపు ఊరుకుంది.

"అమ్మా... మ్యూజియం మూసేశారుగా. నీ వెనకాల అంతమంది మగవాళ్ళు ఏడుస్తున్నారేంటి?"

ఆవిడ ఫోను అలాగే పట్టుకుని తలెత్తింది. టార్చి సన్నగా వెలుగుతోంది. పదకొండు మందీ ఎక్కడివాళ్ళక్కడే నిలబడి ఉన్నారు. మాస్టారు చెప్పిన పద్ధతిలో, బట్టని చూసి కట్టినవాళ్ళు. ఎవరి భుజమూ కదల్లేదు. చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది హాలు. ఇందాక కొడుక్కి చెప్పిన మాట తను మెల్లగా చెప్పలేదని, అది వీళ్ళందరూ విని ఉంటారని ఆవిడకి అప్పుడు తోచింది.

పెదవులు తడుపుకుని, వద్దనుకుంటూనే అడిగింది.

"వాళ్ళల్లో... అన్నయ్య గొంతుందా?"

చేపపిల్ల చాలాసేపు విన్నది.

"లేదమ్మా. అన్నయ్య లేడు. ఒకాయన మాత్రం ఏడవట్లేదు. ఇందాకట్నుంచీ నిన్నేదో అడుగుతున్నాడు, నువ్వు పలకట్లేదు."

"ఏమంటున్నాడు?"

"మా అమ్మకి తెలిసిందా అంటున్నాడు."

ఆవిడ టార్చి తీసుకుని లేచి నిలబడింది. ఒక్కొక్క తెల్ల గుడ్డ మొహం మీదా వెలుగు వేసుకుంటూ వరస చివరిదాకా చూసింది. వాళ్ళల్లో అడిగినవాడు ఎవరో తెలియలేదు.